అప్‌డేట్: విండోస్ 10 నుంచి లినక్స్ మింట్‌కు మారాను

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసినందున, విండోస్ 11కు తప్పనిసరైన టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని నా పాత ల్యాప్‌టాప్‌లో, విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ వేసుకుంటే తెలుగు టైపింగ్ సాగుతుందా అని ఇదివరకు అడిగాను. మీరు చెప్పినట్లే ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, వైఫై, ప్రింటరు పనిచేస్తున్నాయని చూసుకున్నాకే ఇన్‌స్టాల్ చేశాను.

సెట్టింగుల్లో తెలుగు లేఅవుటు చేర్చగానే, చేతికి అలవాటైన ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) మీటలే ఇక్కడా పనిచేశాయి. ‘క’ తరువాత పొల్లు, ఆపై ‘ష’ కొట్టగా తెరపై ‘క్ష’ కనబడినప్పుడు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు.

చిక్కల్లా మా నాన్నగారు యూనికోడ్ (ఏ కంప్యూటరులోనైనా అక్షరాలను ఒకేలా గుర్తించే ప్రామాణిక పద్ధతి) కాని పాత ఫాంట్లలో దాచుకున్న వ్యాసాలతోనే వచ్చింది: ఆ ఫాంట్లు లేనిచోట అవి అర్థం లేని రోమన్ గుర్తులుగా తెరుచుకుంటున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా యూనికోడ్‌లోకి మారుస్తున్నాను. ఒత్తులు తారుమారవుతున్నందున ప్రతి పుటనూ ఆయన అచ్చు ప్రతితో సరిచూడక తప్పడం లేదు.