అప్‌డేట్: ఫిగ్మా డిజైన్ కోడ్ చేశాక తెలుగు వత్తులు తెగిపోవడం (పరిష్కారమైంది)

ఫిగ్మా అనే డిజైన్ టూల్‌లో చేసిన డిజైన్‌ని వెబ్‌పేజీగా కోడ్ చేశాక, కార్డు శీర్షికల్లో ‘లక్ష్మి’, ‘శాస్త్రం’ లాంటి మాటల వత్తులు కింద తెగుతున్నాయని అడిగాను కదా, తీరింది. సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్.

లైన్-హైట్ (ఒక్కో లైన్‌కి ఇచ్చే ఎత్తు) చూడమన్న సలహాయే పనిచేసింది. డిజైన్‌లో నమూనా టెక్స్ట్ ఇంగ్లిష్‌లో ఉంది, దానికి 20 పిక్సెల్ ఫాంట్, 24 పిక్సెల్ లైన్-హైట్ చాలు. డిజైన్ విలువల్ని కోడ్‌గా చూపే ఫిగ్మా డెవ్ మోడ్ నుంచి అవే విలువలు, వాటితోపాటు 48 పిక్సెల్ ఫిక్స్‌డ్ హైట్ కోడ్‌లోకి వచ్చాయి. రెండు లైన్లే చూపి మిగతాది దాచే లైన్-క్లాంప్‌కి ఓవర్‌ఫ్లో హిడెన్ (పెట్టె దాటినదాన్ని కనిపించకుండా కోసేయడం) తప్పదు, రెండో లైన్ వత్తు సరిగ్గా అక్కడే తెగేది. హైట్ తీసేసి, లైన్-హైట్ యూనిట్ లేకుండా 1.6 (అంటే ఫాంట్ సైజుకు 1.6 రెట్లు) ఇస్తే సరిపోయింది. కింద ప్యాడింగ్ (పెట్టె లోపలి ఖాళీ) మాత్రం పెంచకండి, దాచిన మూడో లైన్ గుడిదీర్ఘాలు, తలకట్లు అందులోంచి కనిపిస్తాయి.

ఫాంట్ మార్చడం, ఫాంట్ ఫైల్ మళ్లీ తయారుచేయడం, బ్రౌజర్ క్యాష్ తుడవడం: వీటి అవసరమే పడలేదు.