శుభలేఖ ఫాంట్‌లో రూల్స్ లైన్ మధ్యలోనే ఆగిపోతున్నాయి, దారి చెప్పండి

నెల్లూరు ట్రంక్ రోడ్డులో డీటీపీ, శుభలేఖల పని చేస్తాను. చేతిరాతలా ఉండే తెలుగు ఫాంట్ ఒకటి ఫాంట్‌ఫోర్జ్ (ఫాంట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) లో తయారుచేస్తున్నా. ఒకే అక్షరం దగ్గరదగ్గరగా వస్తే రూపం మారాలని జీసబ్‌లో (ఫాంట్‌లో అక్షర రూపాలు మార్చే రూల్స్ ఉండే పట్టిక) ఒక రూల్ ఇంకోదాన్ని, అది మళ్ళీ మొదటిదాన్ని పిలిచేలా రాశాను. చిన్న పేర్లకు బాగుంది. తల్లిదండ్రుల పేర్లు, ఊరు, మండలం అన్నీ ఒకే లైన్లో పడితే సగం దాకా మారి, మిగతావి మామూలుగానే ఉంటున్నాయి. ఎర్రర్ కూడా రాదు, అదే విసుగు.

హార్ఫ్‌బజ్ (ఫాంట్ రూల్స్ చదివి అక్షరాలు పేర్చే లైబ్రరీ, ఆండ్రాయిడ్‌లోనూ ఇదే) సోర్స్‌లో చూస్తే రూల్ లోపలి పిలుపులకు 64 లెవెల్స్ అని కోడ్‌లోనే ఫిక్స్ చేసి ఉంది. మొత్తం ఆపరేషన్లకు వేరే పరిమితి. చెత్త ఫాంట్ వల్ల ప్రోగ్రామ్ హ్యాంగ్ కాకుండా పెట్టారు, న్యాయమే. నా సిస్టంలో ఆ నంబర్ పెంచి కంపైల్ చేసుకోగలను. కస్టమర్ ఆండ్రాయిడ్ ఫోన్లో ఉన్నదాన్ని నేనేం చేయను?

ఫాంట్‌లోని గ్లిఫ్‌ల (అక్షర రూపాల) సంఖ్య గరిష్ఠ పరిమితి 65,535 దరిదాపుల్లో కూడా లేదు, కాబట్టి సమస్య అది కాదు.

పిలుపులు లేకుండా, వెనక అక్షరాన్ని చూసి మార్చే మామూలు చైనింగ్ రూల్స్‌తో ఇది అవుతుందా? మధ్యలో ఒత్తులు, గుణింతాలు వస్తే వాటిని దాటించడం ఎలా? రూల్ ఎక్కడ ఆగిందో హెచ్‌బీ-షేప్‌లో (హార్ఫ్‌బజ్‌తో వచ్చే పరీక్ష టూల్) చూసే పద్ధతి తెలిసినవాళ్లు చెప్పండన్నా. పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.