పదకొండు ఒకట్లున్న సంఖ్య (11111111111) కారణాంకాలు చేత్తో కనుక్కోవచ్చా?

అందరికీ నమస్తే. మాది కావలి. సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. ఓ పిల్లోడు పట్టుకున్నాడు: "సార్, 11 ప్రధాన సంఖ్య గదా, ఒకట్లు పెంచుకుంటూ పోతే వచ్చేవీ ప్రధాన సంఖ్యలేనా?"

111 మూడుతో పోతుంది, 1111 పదకొండుతో పోతుంది. ఒకట్లు ఎన్నున్నాయో ఆ లెక్కే సంయుక్త సంఖ్యయితే మొత్తం కూడా సంయుక్తమే. ఇంతవరకు వాడు ఒప్పుకున్నాడు.

చిక్కంతా ఒకట్ల లెక్క 7, 11 లాంటి ప్రధాన సంఖ్య అయిన చోట్లే. 1111111ని నిశ్శేషంగా భాగించే ఏ ప్రధాన సంఖ్యకైనా 14తో భాగిస్తే శేషం 1 రావాలి. కాబట్టి 29, 43, 71, 113... ఇలా చూసుకుంటూ పోతే 239 దగ్గర దొరికిపోతుంది: 239 × 4649. భలే ముచ్చటేసింది!

పదకొండు ఒకట్లకు ఇదే పద్ధతిలో 22తో శేషం 1 రావాలి. కానీ అది 21649 × 513239. చేత్తో 21649 దాకా పోవాలంటే తెల్లారిపోద్ది. ఈ జల్లెడను ఇంకా సన్నగా చేసే మార్గముందా?

ఇంకోటి, 19 ఒకట్లు ప్రధాన సంఖ్య. కంప్యూటర్ చెప్పిందంటే మావాడు వినే రకం కాదు. వాడికి అర్థమయ్యే నిరూపణ ఏదైనా ఉందా? ఫెర్మా చిన్న సిద్ధాంతం (p ప్రధాన సంఖ్యయి, aని భాగించకపోతే, aని p−1 సార్లు గుణించి pతో భాగిస్తే శేషం 1) వరకు నేను చెప్పగలను, ఆపైన విషయమైతే కాస్త విడమరిచి రాయండి.