వంటింటి గట్టుకు ఏ రాయి వేయించాలి?

హన్మకొండ కోడలు:
మా ఇల్లు ప్లాస్టరింగ్ దశకు వచ్చింది. వంటింటి గట్టు మొత్తం పొడవు 14 అడుగులు, వెడల్పు 2 అడుగులు. మా వారికి ఫ్యాక్టరీలో తయారయ్యే తెల్లని క్వార్ట్జ్ పలక మీద మనసు ఉంది. అత్తమ్మ దృష్టిలో కరీంనగర్ టాన్ బ్రౌన్ అనే గోధుమరంగు గ్రానైట్ తప్ప మరొకటి రాయే కాదు. నాకు నల్ల గ్రానైట్ ఇష్టం. ఏది మేలో, సింకు పైనుంచి బిగించాలో కిందినుంచి బిగించాలో, 5 అడుగుల మనిషికి గట్టు ఎంత ఎత్తు ఉండాలో అనుభవజ్ఞులు చెప్పగలరు. వారంలోగా మేస్త్రీకి చెప్పాలి.

కాజీపేట గృహిణి:
అమ్మా, క్వార్ట్జ్ మాట మరచిపోండి. నేను మూడేళ్ల కిందట ముచ్చటపడి వేయించుకున్నాను. ఒకనాడు సర్వపిండి గిన్నెను పొయ్యి మీదినుంచి దించి, ఫోను మోగుతోందన్న తొందరలో నేరుగా గట్టు మీద పెట్టాను. తిరిగివచ్చి ఎత్తి చూస్తే గిన్నె అడుగంత పసుపుపచ్చని వలయం కనిపించింది. నిమ్మకాయ, వంటసోడా అన్నీ రుద్దాను, పోలేదు. వేడికి జరిగిన నష్టం వారంటీలోకి రాదని అమ్మినవారు కాగితం చూపించారు. ఇప్పుడు అక్కడ ఉప్పు డబ్బా పెట్టి ఉంచుతాను.

కరీంనగర్ రాళ్ల వ్యాపారి:
అది మరక కాదమ్మా, మాడిన జిగురు. క్వార్ట్జ్ పలకలో దాదాపు 90 శాతం రాతిపొడి, మిగిలినది రెజిన్ అనే జిగురు. ఆ రెజిన్ 150 డిగ్రీలు దాటిన వేడికి ఓర్చుకోదు, నూనె కాగిన మూకుడు అంతకంటే వేడిగా ఉంటుంది. 22 ఏళ్లుగా రాయి కోయిస్తున్న అనుభవంతో చెబుతున్నాను, టాన్ బ్రౌన్‌కు సాటి లేదు. పసుపు పడినా, నూనె చిందినా ఆ గోధుమరంగు మచ్చల్లో కలిసిపోతుంది. నల్లరాయి అంటారా, మార్కెట్‌లో దొరికేదానిలో సగం రంగు పూసినదే. రామప్ప గుడి గ్రానైట్ ఎనిమిది వందల ఏళ్లుగా నిలవలేదా?

ములుగు మాస్టారు:
వ్యాపారి గారూ, ఉదాహరణ మీకే ఎదురు తిరిగింది. 1213 నాటి రామప్ప గుడిలో అద్దంలా మెరిసే మదనికలు, అంటే ఆ స్త్రీ శిల్పాలు, మీరు తిట్టిన నల్లరాతివే. ఆ రాయి పేరు డోలరైట్. ఈనాడు నల్ల గ్రానైట్ పేరుతో అమ్ముడయ్యే రాళ్లలో చాలావరకు ఆ జాతికి చెందినవే, అసలు గ్రానైట్ కానే కావు. అవి నీటిని బాగా తక్కువగా పీల్చుకుంటాయి. తమ సరుకు అమ్ముకోవడానికి పరాయి సరుకును నిందించడం తగదు.

కరీంనగర్ రాళ్ల వ్యాపారి:
పాఠం చెప్పడం వేరు, పలక కొనడం వేరు మాస్టారూ. మంచి నల్లరాయి లేదని నేను అనలేదు. బూడిదరంగు రాయికి రంగు పట్టించి అమ్మేవారు ఉన్నారని అన్నాను. దూదిని అసిటోన్‌లో (గోళ్ల రంగు తుడిచే ద్రవం) ముంచి పలక మీద గట్టిగా రుద్దితే దొంగతనం దూదికే అంటుకుంటుంది. ఇది మీ పుస్తకంలో ఉందా?

ములుగు మాస్టారు:
'సగం' అన్న మాట ఎవరిదో పైకి వెళ్లి ఒకసారి చదువుకోండి.

జనగామ రైతుబిడ్డ:
ఇంత ఖర్చు ఎందుకో అర్థం కాదు. మా ఇంట్లో కడప బండ ఉంది. ఒకటే చిక్కు, అది సున్నపురాయి కనుక చింతపండు రసం పడిన చోటల్లా నునుపు పోయి తెల్లబారింది. పాలరాతికీ అదే గతి. పచ్చిపులుసు లేనిదే ముద్ద దిగని మనవంటి వారికి ఆ రెండూ పనికిరావని నేను ఒప్పుకుంటాను, అయినా మా అమ్మ మాత్రం ఆ బండను మార్చనివ్వదు.

హన్మకొండ కోడలు:
రామప్ప దాకా వెళ్లివచ్చాము గాని గట్టు ఎత్తు మాత్రం ఎవరూ చెప్పలేదు!

పరకాల మేస్త్రీ:
అక్కా, చెప్పులు లేకుండా నిలబడి మోచేయి మడిచి నేలనుంచి కొలవండి, అందులో నాలుగైదు అంగుళాలు తగ్గించండి. మీ ఎత్తుకు సుమారు 33 అంగుళాలు వస్తుంది. ఆ లెక్క రాయి మందంతో సహా, టైల్స్ పరిచిన నేలనుంచి వేయాలి. చాలామంది ఉత్త సిమెంటు నేలనుంచి కొలిచి తరువాత మమ్మల్ని తిడతారు. సింకు కిందినుంచి బిగిస్తే నీళ్లు తుడవడం సులువు, కానీ కోసిన అంచుకు పాలిష్ పట్టించండి. కోత మాత్రం నీళ్లు పోస్తూ జరగాలి. ఏ రాతి దుమ్మైనా ఊపిరితిత్తులకు చేటే, క్వార్ట్జ్ దుమ్ము మరీ ప్రమాదకరం. ఆ పలకలను ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి నిషేధించింది కూడా.

కరీంనగర్ రాళ్ల వ్యాపారి:
మేస్త్రీ గారు చెప్పినది నిజం. మా షెడ్డులో నీళ్లు పోసే కోస్తాము.

హన్మకొండ కోడలు:
మోచేయి లెక్కకు నాకు సరిగ్గా 33 అంగుళాలే వచ్చింది. క్వార్ట్జ్ సంగతి చదివి మా వారు వెనక్కి తగ్గారు. ఆదివారం అసిటోన్ సీసా పట్టుకొని నల్లరాయి చూడడానికి వెళుతున్నాము. అత్తమ్మ కూడా వస్తానంటున్నారు, దూది తానే పట్టుకుంటారట.