నెట్టు తెగినప్పుడల్లా డౌన్‌లోడు మొదటికొస్తోంది: డబ్ల్యూగెట్ వాడేదెలా?

పాతకాగితం:
నమస్కారమండీ. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న పాత తెలుగు పత్రికల స్కాన్లు దించుకుంటున్నాను. ఒక్కో పీడీఎఫ్ 80 నుంచి 150 ఎంబీ. మాది తెనాలి దగ్గర పల్లె. కరెంటు పోతే రౌటరూ పోతుంది. హాట్‌స్పాట్ పెడదామంటే మేడెక్కితే గానీ సిగ్నలు దొరకదు. బ్రౌజర్లో ముప్పాతిక దాకా వచ్చి ఆగిపోతుంది. మళ్ళీ నొక్కితే ఒక్కోసారి కొనసాగుతుంది, ఒక్కోసారి సున్నా నుంచే. మా అబ్బాయి ఫోన్లో "డబ్ల్యూగెట్ కొట్టి మైనస్ సి పెట్టు నాన్నా" అని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయాడు. విండోస్ 10లో పవర్‌షెల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి అలాగే కొట్టాను. నాలుగైదు వరుసల ఎర్రక్షరాలు వచ్చాయి. సి అనే పారామీటరు "ఆంబిగ్యుయస్" అంటోంది. ఏం చెయ్యమంటారు?

సర్వర్‌రూమ్:
పాతకాగితం గారూ, ఆంబిగ్యుయస్ అన్నారు చూశారా, దాంతోనే గుట్టు తెలిసిపోయింది. మీరు పిలిచింది ఫైళ్ళు దించే డబ్ల్యూగెట్ ప్రోగ్రాముని కాదు. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో ఆ పేరు ఇన్వోక్ వెబ్‌రిక్వెస్ట్ అనే వాళ్ళ సొంత కమాండుకి మారుపేరు. దానికి సి అక్షరంతో క్రెడెన్షియల్, సర్టిఫికెట్, కంటెంట్ టైప్ అని చాలా ఉన్నాయి. అందులో ఏది కావాలో చెప్పమని అడుగుతోంది పాపం. తర్వాత పవర్‌షెల్ 6 నుంచి ఆ మారుపేరు తీసేశారు. ఊరికే గందరగోళం తప్ప అది ఎవరికీ ఉపయోగపడలేదని నా అభిప్రాయం.

అసలు డబ్ల్యూగెట్ విండోస్‌తో రాదు. విన్‌గెట్‌తో (విండోస్‌లో ప్రోగ్రాములు వేసే కమాండు) వేసుకోండి, పైసా ఖర్చు లేదు. వేశాక పేరు చివర డాట్ ఈఎక్స్ఈ తగిలించి పిలిస్తే మారుపేరు అడ్డు రాదు. లేదంటే పవర్‌షెల్ జోలికి పోకుండా పాత కమాండ్ ప్రాంప్టులో కొట్టండి.

ఇక మైనస్ సి, అంటే ఆగిన చోటి నుంచి కొనసాగించమని చెప్పే గుర్తు. మీ అబ్బాయి చెప్పింది నిజమే, కానీ సగమే. ఒకే పరుగులో నెట్టు తెగితే డబ్ల్యూగెట్ తనంతట తనే మధ్యలోంచి అందుకుంటుంది, దానికి మైనస్ సి అక్కర్లేదు. కరెంటు పోయి కంప్యూటరే ఆగిపోయిందనుకోండి, మళ్ళీ కమాండు కొట్టినప్పుడు అది కావాలి. డిస్కులో ఉన్న ముక్క ఎంతుందో చూసుకుని, అక్కణ్ణించి పంపమని సర్వర్ని అడుగుతుంది. సర్వరు 206 (అడిగిన ముక్క మాత్రమే పంపుతున్నానని అర్థం) అని బదులిస్తే పని జరుగుతున్నట్టు.

మీలాంటి లైనుకి అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. లైను తెగకుండానే డేటా రావడం ఆగిపోతే డబ్ల్యూగెట్ ఎంతసేపు ఎదురుచూస్తుందో తెలుసా? మామూలుగా 900 సెకన్లు. అంటే పావుగంట గుడ్లప్పగించి కూర్చుంటుంది. అందుకని మైనస్ పెద్ద టీ, 30 అని పెట్టండి. అర నిమిషం కదలిక లేకపోతే వదిలేసి మళ్ళీ కలుపుకుంటుంది. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించడం కూడా 20 సార్లతో ఆపేస్తుంది కాబట్టి మైనస్ చిన్న టీ, 0 అని పెడితే విసుగు లేకుండా తిరుగుతూనే ఉంటుంది. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టించుకోండి, రెండూ వేరు పనులు.

లింకు చుట్టూ డబుల్ కోట్స్ తప్పనిసరి. లింకులో యాండ్ గుర్తు ఉంటే కమాండ్ ప్రాంప్ట్ దాన్ని ఇంకో కమాండు అనుకుని అక్కడికి తెంపేస్తుంది.

క్రొయేషియాకు చెందిన హ్ర్‌వోయె నిక్షిచ్ 1996లో దీన్ని విడుదల చేసేనాటికి ఎక్కువమందివి డయలప్ లైన్లే. అప్పటి అవస్థ కోసం కట్టిన పనిముట్టు ఇది, మీ మేడమీది సిగ్నలుకి అతికినట్టు సరిపోతుంది.

కర్ల్‌భక్తుడు:
ఇంత తతంగం దేనికండీ? 2018 ఏప్రిల్ అప్‌డేట్ దగ్గర్నుంచి విండోస్ 10లో కర్ల్ అని ఇలా దించే ఇంకో కమాండు ఉండనే ఉంది. ఇంకోటి వేసుకోవడమెందుకు?

సర్వర్‌రూమ్:
కర్ల్ మీద నాకు కోపమేం లేదు, ఆఫీసులో రోజూ వాడేది అదే. కానీ దారి మళ్ళింపు వస్తే కర్ల్ దానంతట అది వెంట వెళ్ళదు, మైనస్ పెద్ద ఎల్ ఇవ్వాలి. ఆర్కైవ్‌లో లింకు నొక్కగానే ఫైలున్న వేరే సర్వరుకి మళ్ళిస్తారు. తెగితే మళ్ళీ ప్రయత్నించడం కూడా మనం చెబితేనే చేస్తుంది. తెనాలి దగ్గర పెద్దాయనకి ఏది సుఖమో మీరే ఆలోచించండి.

పాతకాగితం:
సర్వర్‌రూమ్ గారూ, బాగా పనిచేసింది, ధన్యవాదాలు. లింకులన్నీ ఒక నోట్‌ప్యాడ్ ఫైల్లో పెట్టి, మా అబ్బాయి చెప్పినట్టు మైనస్ ఐ ఇచ్చి రాత్రి వదిలేశాను. పొద్దున చూస్తే చాలావరకు వచ్చాయి. కొన్ని మాత్రం చిన్నవి, పేరు చివర పీడీఎఫ్ అని కూడా లేదు. తెరిస్తే పుస్తకం లేదు, ఏదో కోడు కనిపిస్తోంది.

సర్వర్‌రూమ్:
వాటి లింకులో సైటు పేరు తర్వాత "డీటెయిల్స్" అని ఉంటుంది, చూడండి. అది పుస్తకాన్ని చూపించే పేజీ, కాబట్టి ఆ పేజీనే దించింది. అక్కడ "డౌన్‌లోడ్" అని మార్చి బ్రౌజర్లో తెరిస్తే ఆ పుస్తకం ఫైళ్ళన్నీ వరసగా కనిపిస్తాయి. పీడీఎఫ్ మీద రైట్ క్లిక్ చేసి ఆ లింకు కాపీ చేసుకుని జాబితాలో వేసుకోండి.

జాబితాని మళ్ళీ నడిపేటప్పుడు మైనస్ సి మర్చిపోవద్దు. అది లేకపోతే ఇదివరకే ఉన్నవాటిని కూడా పేరు చివర చుక్క 1 తగిలించి మొత్తం మళ్ళీ దించుతుంది. ఉంటే, పూర్తయిన ఫైలుకి ఇక చేసేదేం లేదని చెప్పి ముందుకెళ్తుంది. మైనస్ డబ్ల్యూ 10 కూడా కలపండి, ఫైలుకీ ఫైలుకీ మధ్య 10 సెకన్లు ఆగుతుంది. విరాళాలతో నడిచే సంస్థ, వాళ్ళ సర్వర్ల మీద ఎగబడకూడదు. పగలు ఇంట్లో ఎవరైనా ఫోన్లు చూసుకుంటుంటే రెండు హైఫన్లు పెట్టి లిమిట్-రేట్ ఈక్వల్స్ 200కే అనండి, వేగం సెకనుకి 200 కేబీ దగ్గర ఆగుతుంది, మీ మీద ఎవరూ అరవరు.