ట్రైలర్ లాగేటప్పుడు గ్యాస్ కట్టెయ్యాలా, ఫ్రిజ్ కోసం వదిలెయ్యాలా?

కొత్త_ట్రైలర్:
అందరికీ నమస్కారం. అద్దె ట్రైలర్‌తో (బండి వెనక లాగే చక్రాల ఇల్లు) డెన్వర్ నుంచి ఎల్లోస్టోన్ పార్కుకు వచ్చాం. అక్కడి బ్రిడ్జ్ బే క్యాంపు స్థలంలో ఉన్నాం, కరెంటు కనెక్షన్ లేదు, కాబట్టి ఫ్రిజ్ కూడా గ్యాస్ మంట మీదే నడవాలి. ముందువైపు 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్లు రెండున్నాయి. బయలుదేరేటప్పుడు వాల్వులు కట్టేశాను. ఇక్కడికొచ్చి తెరిస్తే ఫ్రిజ్ గ్యాస్ మీద అంటుకోలేదు, స్టవ్ మంట దీపంలా ఉంది, పాలు కాగడానికి అరగంట పట్టింది. రాత్రి లోపల వెచ్చగా ఉంచే ఫర్నేస్ ఫ్యాన్ తిరిగి తిరిగి ఆగిపోయింది. పాపను మూడు దుప్పట్లలో చుట్టి పడుకోబెట్టాం. పక్క సైటాయన "మాటిమాటికీ కట్టేసి తెరవడం వల్లే ఇదంతా, మేమెప్పుడూ కట్టం" అన్నారు. నిజమేనా?

పాత_చక్రాలు:
ముందు పాప సంగతి చూద్దాం. వాల్వును ఒక్కసారిగా గిర్రున తిప్పారా? సిలిండర్‌కు బిగించే నట్టులో ఒక రక్షణ ఉంటుంది. గ్యాస్ ఒక్కసారిగా దూసుకొస్తే పైపు తెగిందనుకుని దారి మూసేస్తుంది, కొద్దిగా మాత్రమే వదులుతుంది. మీ దీపం మంట అదే. స్టవ్, ఫ్రిజ్, ఫర్నేస్ అన్నీ ఆపండి, సిలిండర్ కట్టండి, ఐదు నిమిషాలాగి చాలా నెమ్మదిగా తెరవండి. తర్వాత మొదట స్టవ్ వెలిగించండి. పైపులోని గాలి బయటికిపోయి మంట నిలకడగా వచ్చాకే ఫ్రిజ్ పెట్టండి. వాసన వస్తే మాత్రం ఏదీ వెలిగించొద్దు. సిలిండర్ కట్టేసి అందరూ బయటికి రండి.

ఫర్నేస్‌కు గ్యాస్ ఒక్కటే చాలదు. ఫ్యాన్ 12 వోల్టుల బ్యాటరీ మీద తిరుగుతుంది. ఆ గాలికి సెయిల్ స్విచ్ అనే చిన్న రేకు కదిలితేనే మంట వెలుగుతుంది. బ్యాటరీ నీరసిస్తే ఫ్యాన్ తిరుగుతున్నట్టే ఉంటుంది, రేకు కదలదు. వోల్టేజీ చూసి చెప్పండి.

ఇక మీ ప్రశ్నకు: కట్టెయ్యడం తప్పు కాదు, తెరిచిన తీరులోనే తేడా. బండి కదిలే ముందు కట్టి తీరాలి.

ఫీనిక్స్_వాసి:
చివరి మాటతో నేను ఏకీభవించను అన్నా. మా దగ్గర వేసవిలో 110 డిగ్రీల ఫారెన్‌హీట్. ఆరు గంటల ప్రయాణంలో ఫ్రిజ్ ఆపితే లోపలివి ఏమవుతాయి? తలుపు తియ్యకపోయినా నాలుగు గంటలకు మించి నమ్మొద్దని అమెరికా వ్యవసాయ శాఖే చెబుతుంది. మా అత్తయ్యగారి ఇన్సులిన్ అందులోనే ఉంటుంది. పైపు తెగితే మీరు చెప్పిన ఆ రక్షణే గ్యాస్‌ను ఆపుతుంది కదా? సిలిండర్లు బయట ఉంటాయి, ఫ్రిజ్ మంట గాలి కూడా బయటికే పోతుంది. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేసే అలవాటు మనకు ఇంటి దగ్గర నుంచే వచ్చింది. అక్కడ సిలిండర్ వంటింట్లో ఉంటుంది కాబట్టి అది సరైనదే. ఇక్కడ పరిస్థితి వేరు.

పాత_చక్రాలు:
వేరే కాదు తమ్ముడూ, ఇక్కడ ఇల్లే గంటకు 60 మైళ్ల వేగంతో కదులుతోంది. నాలుగేళ్ల కిందట న్యూ మెక్సికోలో మా ట్రైలర్ టైరు పేలింది. ఊడిన రబ్బరు కొరడాలా కొట్టి అడుగు రేకును చీల్చేసింది, గ్యాస్ పైపు వంగిపోయింది. ఆ రోజు వాల్వు కట్టి ఉంది. పైపు పూర్తిగా తెగితే ఆ రక్షణ గ్యాస్‌ను చాలావరకు తగ్గిస్తుంది, నిజమే. కానీ సన్నని చీలికను అది గుర్తించదు, ఎందుకంటే ఆ ప్రవాహం ఒక స్టవ్‌కు పోయేదానికంటే ఎక్కువ ఉండదు. ప్రొపేన్ గాలికంటే బరువు, నేలబారున పోగవుతుంది. కింద వేడి బ్రేకులు, పైన ఫ్రిజ్ మంట.

పెట్రోల్ బంకు సంగతీ ఆలోచించు. ఫ్రిజ్ మంట ఆరితే తనంతట తానే నిప్పురవ్వ కొట్టి వెలిగించుకుంటుంది. పక్కనే పెట్రోల్ ఆవిరి. వర్జీనియాలో నీళ్ల కింద నుంచి పోయే చెసపీక్ బే బ్రిడ్జ్ టన్నెల్లోకి వాల్వు కట్టాకే రానిస్తారు. బాల్టిమోర్ టన్నెళ్లలోకైతే ఇంత పెద్ద సిలిండర్లను కట్టేసినా రానివ్వరు.

ఇన్సులిన్ మీద నీ బాధ అర్థమైంది. దాన్ని ఫ్రిజ్ మీద వదిలెయ్యకు, ఐసు పెట్టెలో మీతోపాటు బండిలో పెట్టుకో. ఐసుకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టాలి, గడ్డ కడితే పనికిరాదు.

కొత్త_ట్రైలర్:
నెమ్మదిగా తెరిచాను, స్టవ్ మామూలుగా వెలిగింది! ఫ్రిజ్ రెండుసార్లు ఆరి మూడోసారి నిలబడింది. బ్యాటరీ 11.6 వోల్టులు ఉంది. జనరేటర్ పెట్టి రెండు గంటలు ఛార్జ్ చేశాక ఫర్నేస్ పట్టింది.

పాత_చక్రాలు:
హమ్మయ్య. 11.6 అంటే దాదాపు ఖాళీ అయినట్టే. మీరు దాదాపు 7,800 అడుగుల ఎత్తులో ఉన్నారు, అక్కడ గాలి పలచన కనుక ఫ్రిజ్ మంట తడబడటం మామూలే. రాత్రి ఫర్నేస్ వేస్తున్నారు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి మోగుతుందో లేదో ఈ పూటే చూడండి.

ఫీనిక్స్_వాసి:
టైరు సంగతి చదివాక మా ఆవిడ కూడా మీ పక్షానే ఉంది. బంకులోకి వెళ్లేముందు ఇకమీద ఫ్రిజ్ ఆపేస్తాను, ఇన్సులిన్ బండిలోకి మారుస్తాను. ఎండాకాలం దూర ప్రయాణానికి మాత్రం గ్యాస్ కట్టడానికి నేనింకా ఒప్పుకోవట్లేదు. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌కు మారినవాళ్లెవరైనా ఉంటే, 110 డిగ్రీల్లో బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చెప్పండి.