నెల్లూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు: దుబాయ్ మీదుగానా, సింగపూర్ మీదుగానా?

నెల్లూరు సభ్యుడు: డెబ్బై ఏళ్ల మా అమ్మగారిని డిసెంబరులో చెన్నై నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు ఒంటరిగా పంపవలసి ఉన్నది. భూగోళం మీద దారం పెట్టి కొలిచినట్లు లెక్క వేస్తే దుబాయ్ మీదుగా దాదాపు 15,900 కిలోమీటర్లు, సింగపూర్ మీదుగా 16,500 కిలోమీటర్లు వస్తున్నాయి. తక్కువ దూరమే తక్కువ సమయం కనుక దుబాయ్ దారి మేలని నా వాదన.

కావలి సభ్యుడు: అయ్యా, మీ కొలత సరైనదే కాని దాని నుంచి తీసిన నిర్ణయం సరికాదు. చెన్నైకి దుబాయ్, సింగపూర్ రెండూ ఇంచుమించు 2,900 కిలోమీటర్ల దూరంలోనే, నాలుగు గంటల ప్రయాణంలోనే ఉన్నాయి కాబట్టి తేడా అంతా రెండో విమానంలోనే ఉన్నది. సింగపూర్ నుంచి పసిఫిక్ దాటే విమానానికి, పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ ప్రవాహం వెనుక నుంచి తోడవుతుంది. చలికాలంలో ఆ గాలి మరింత బలంగా ఉంటుంది. దుబాయ్ విమానం ఉత్తర ధ్రువానికి సమీపంగా సాగుతుంది కనుక దానికి అంతటి సాయం అందదు. అందువల్ల సింగపూర్ విమానం పదిహేను గంటల పైచిలుకులో, దుబాయ్ విమానం సుమారు పదహారు గంటల్లో చేరుతాయి. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్‌కు బదులు పసిఫిక్ మీదుగా నడిపినప్పుడు, దూరం 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300కు చేరినా, సుమారు పద్నాలుగున్నర గంటల్లోనే, అంటే మునుపటికన్నా దాదాపు రెండు గంటల ముందుగా గమ్యం చేరింది.

ఒంగోలు సభ్యుడు: దీనికి గాలి కాదు, కింద భూమి తిరగడమే కారణమని నేను చదువుకున్నాను. పైగా తిరుగు ప్రయాణం మాటేమిటి?

కావలి సభ్యుడు: భూమితో పాటు వాతావరణమూ తిరుగుతుంది, లేకుంటే సూళ్లూరుపేటలో నిలుచున్న మనకే గంటకు పదహారు వందల కిలోమీటర్ల పైబడిన వేగంతో గాలి తగలాలి. తిరుగు ప్రయాణం గురించి మీరు అడిగినది మాత్రం న్యాయమైన ప్రశ్న. అదే గాలి ఎదురై సింగపూర్‌కు దాదాపు పదిహేడు గంటలు పడుతుంది, దుబాయ్‌కు పదిహేనున్నర చాలు. రాకకు దుబాయే మేలని నేనూ ఒప్పుకుంటాను.

నెల్లూరు సభ్యుడు: గాలి సంగతి ఒప్పుకున్నాను. అయితే పోయేటప్పుడు మిగిలేది అరగంట, ముప్పావు గంట మాత్రమే గదా! మధ్యలో ఆరు గంటలు ఆగవలసి వస్తే ఆ లాభం ఏమవుతుంది?

కావలి సభ్యుడు: అందుకే, మధ్యలో రెండు మూడు గంటలు మాత్రమే ఆగేది ఏ దారిలో ఉంటే దానినే తీసుకోండి. రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉండాలి. విడివిడిగా కొంటే సామాను మధ్యలో దించుకొని మళ్లీ అప్పగించే అవస్థ పెద్దావిడకు తప్పకపోవచ్చు. వీల్‌చైర్ కావాలని బుకింగ్ నాడే రాయించండి. తడ దాటాక మీనంబాకం విమానాశ్రయం చేరడానికి చెన్నై ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు కనుక, నెల్లూరులో విమాన సమయానికి ఎనిమిది గంటల ముందే కారు ఎక్కించండి.